గోపాలం అడగని మూడో ప్రశ్న

చెరకు పండే ఒక దీవిలో, పోర్ట్ లూయీ రేవు ఎదుట, గిడ్డంగుల వెనక సందులో, మేడమెట్ల కింద ఒక గది ఉండేది. అందులో ఒక బల్ల, రెండు కుర్చీలు, సుంకాల పట్టిక అచ్చువేసిన లావుపాటి పుస్తకం ఒకటి. 1954 నుంచి పన్నెండేళ్ళపాటు గోపాలం రాజ్యమంతా అదే. రాజ్యం చిన్నదే గాని దానికి వచ్చిపోయేవాళ్ళు తక్కువేం కాదు. పల్లెలో ఉల్లిపాయలూ కిరసనాయిలూ అమ్మే చీనా బుతిక్ యజమాని దగ్గర్నుంచి, బొంబాయి బట్టలు బేళ్ళకు బేళ్ళు దింపుకునే సేటు దాకా, ఆ రెండో కుర్చీలో కూర్చుని చెమట తుడుచుకున్నవాళ్ళే.

చెమటకు కారణం ఉంది. ఓడ వచ్చి రేవులో లంగరు వేస్తుంది. సరుకు పడవల్లోకి దిగి గట్టుకు చేరుతుంది. గట్టు మీద లాద్వాన్ కాచుకుని ఉంటుంది, అంటే సుంకాల ఆఫీసు. పెట్టెలో ఏముందో, ఏ దేశంలో కొన్నారో నాలుగు ప్రతుల్లో రాసి సంతకం పెట్టి ఇస్తే తప్ప అక్కడి గేటు తెరుచుకోదు. రాయడం వచ్చినవాడెవడైనా రాసేస్తాడనుకునేరు. అంత సులువు కాదు. ఆ లావుపాటి పుస్తకంలో లోకంలోని వస్తువులన్నిటికీ గదులు కట్టి ఉంటాయి. నీ వస్తువు ఏ గదిలోకి వెళ్ళాలో నువ్వే చెప్పాలి. తప్పు గదిలోకి తోశావో సుంకం రెండింతలవుతుంది, లేదంటే సరుకు నెలల తరబడి షెడ్డులో పడి ఎలుకల పాలవుతుంది. ఆ గదులన్నీ కంఠతా వచ్చిన మనిషే కస్టమ్స్ బ్రోకరు. ఆ ఊరి మాటలో కుర్తియే.

ఒకసారి కార్తియే మిలితేర్ అనే ఊళ్ళో పూజాసామాను అమ్మే వెంకయ్య మైసూరు నుంచి అగరొత్తులు తెప్పించాడు. లాద్వాన్ కౌంటరులో అప్పట్లో రోజర్ అనే క్రెయోల్ అధికారి ఉండేవాడు. అతను ఒక కట్ట తీసి వాసన చూసి, నిదానంగా సెంట్లూ అత్తర్లూ ఉండే గదిలో రాశాడు. ఆ గదికి సుంకం మండిపోతుంది. వెంకయ్య మొహం మాడిపోయింది. గోపాలం వాదించలేదు. ఒక ఒత్తి తీసి కౌంటరు మీదే వెలిగించాడు. పొగ రోజర్ మొహం మీదికి పోతూ ఉంటే, "ముస్యే రోజర్, దీన్ని మీ ఆవిడ మామ్ మిషెలిన్ మెడకు రాసుకుంటుందా?" అని ఎంతో వినయంగా అడిగాడు. హాలంతా గొల్లున నవ్వింది. రోజర్ దగ్గుతూ, నవ్వుతూ రాసింది కొట్టేశాడు. ఆ కౌంటరులో అగరొత్తుల పేచీ మళ్ళీ రాలేదు.

ఇంత తెలివి పుట్టుకతో వచ్చింది కాదు. గోపాలం తాత చెరకుతోట కూలీగా కోరంగి రేవులో ఓడెక్కి ఈ రేవులో దిగాడు. దిగినప్పుడు ఆయనకూ ఒక కాగితం రాశారు: వయసు, ఎత్తు, ఒంటి మీద మచ్చ, అన్నిటికంటే పైన ఒక నంబరు. తండ్రి కార్తియే మిలితేర్ దగ్గర తోటలో చెరకు కొట్టాడు. గోపాలం నాలుగక్షరాలు నేర్చుకుని, పంతొమ్మిదో ఏట ముస్యే జీన్ అనే ఫ్రెంచి బ్రోకరు దగ్గర రాతపనికి చేరాడు. ముస్యే జీన్‌కు ముక్కు మీదే కోపం. తప్పు రాస్తే కాగితం చింపి మొహాన కొట్టేవాడు. కానీ విద్య దాచుకునే మనిషి కాదు. ఇరవై ఏళ్ళలో ఆయన నేర్పినదంతా మూడు ప్రశ్నల్లోకి వస్తుంది. సరుకుదారు గవర్నరు బావమరిదైనా సరే, ఎదుట కూర్చోబెట్టి అడగాలి. లోపల ఏముంది? ఎక్కడ కొన్నావు? దేనితో సర్ది కట్టారు? మూడింటికీ సరుకుదారు నోటితో జవాబు వినకుండా కలం ముట్టుకోకూడదు.

మొదటి రెండూ ఎవరైనా అడుగుతారు. మూడోది మాత్రం ముస్యే జీన్ సొంతం. "ఈ దీవి చెరకు మీద బతుకుతోంది. బయటి ఆకులో ఒక్క పురుగు గుడ్డు దిగినా మనందరి అన్నం పోతుంది. పెట్టెలో బంగారముంటే నాకేం? ఆ బంగారం చుట్టూ ఏం కూరారో చెప్పు," అనేవాడాయన. డిక్లరేషను కాగితంలో దానికొక గడి ఉండేది. చాలామంది బ్రోకర్లు దాన్ని చూడకుండానే నింపేసేవారు. గోపాలం అడిగి మరీ నింపేవాడు.

ముస్యే జీన్ కాళ్ళు పడిపోయి ఇంటి పట్టున కూర్చున్నాక గోపాలం సొంత లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకున్నాడు. వచ్చింది. ముద్ర వేసిన ఆ కాగితం ఇంటికి తెచ్చిన రోజు, తండ్రి దాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు. ఆయనకు చదవడం రాదు. "ఇందులో నంబరు కాదు కదా, నీ పేరే ఉంది కదా?" అని మాత్రం అడిగాడు. గోపాలం ఉందన్నాడు. ముసలాయన ఆ కాగితాన్ని కళ్ళకద్దుకున్నాడు. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, ఆ లైసెన్సు పోవడమంటే గోపాలానికి కేవలం పని పోవడం కాదని మీకు ముందే తెలియాలి.

ఇక పైడమ్మ. నువెల్ ఫ్రాన్స్ అనే పల్లెలో ఉండేది. గోపాలం తల్లికి చెల్లెలు వరస, అంటే అతనికి పిన్ని. ఆమె భర్త సుబ్బయ్య గాజుల గంప ఎత్తుకుని చెరకుతోటల కూలీల క్యాంపులన్నీ తిరిగేవాడు. అతను పోయాక ఆ గంప ఆమె తలకెత్తుకుంది. అక్కడే వచ్చింది తంటా. చేతుల గాజులు తీసేసిన మనిషి దగ్గర గాజులు తొడిగించుకోవడమేమిటని కొన్ని ఇళ్ళవాళ్ళు గుమ్మంలోనే ఆపేశారు. పైడమ్మ దెబ్బలాడలేదు. గంప గుమ్మంలో దించి, తాను ఎడంగా మెట్టు మీద కూర్చుని, "సైజు నేను చెప్తా, తొడుక్కోవడం మీరే తొడుక్కోండి," అనేది. చెయ్యి చూసి సైజు చెప్పడంలో ఆమెకు సాటి వచ్చేవాళ్ళు లేరు. పదేళ్ళు తిరిగేసరికి గంప పోయి రోడ్డు మీద రేకుల కొట్టు వెలిసింది. గుమ్మంలో ఆపినవాళ్ళే పెళ్ళిళ్ళ రోజుల్లో ఆ కొట్టు ముందు వరసకట్టేవారు.

సరుకు పోర్ట్ లూయీ సేట్ల దగ్గర తెచ్చుకునేది. వాళ్ళు ఆమెకిచ్చేవి ఎవరూ కొనని రంగులు. చాలా ఏళ్ళు ఓర్చుకుంది. 1965లో మాత్రం, "వాళ్ళు తెప్పించుకుంటున్నారు కదా, నాకేం తక్కువ?" అనుకుంది. గుడి పూజారి చేత మద్రాసులోని గాజుల వర్తకుడికి తెలుగులో ఉత్తరం రాయించింది. దిగుమతి అనుమతి కోసం ఆరు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఆ అనుమతి కాగితం మీద ఆమె పేరు వచ్చిన రోజు నువెల్ ఫ్రాన్స్‌లో తెలిసినవాళ్ళందరికీ చూపించింది. సరుకు నాలుగు పెట్టెలు. ఓడ వస్తోందని కబురు తెలియగానే, ఉతికిన తెల్లచీర కట్టుకుని, బస్సెక్కి గోపాలం గదికి వచ్చింది.

పిన్నిని గుమ్మంలో చూడగానే గోపాలం లేచి నిలబడ్డాడు. రెండో కుర్చీని తుండుగుడ్డతో దులిపాడు. పక్క బుతిక్ నుంచి టీ తెప్పించాడు.

"నాయనా గోపాలం, నేను కూడా ఆంపోర్తే చేస్తున్నాను ఇప్పుడు," అంది పైడమ్మ, ఓడ సరుకు తెప్పించే సేట్ల మాటను నోటినిండా పలుకుతూ. "లోపల గాజులు. మద్రాసులో కొన్నాను."

రెండు ప్రశ్నలకు అడగకుండానే జవాబు వచ్చేసింది. గోపాలం కాగితాలు నింపుతూ నింపుతూ మూడో గడి దగ్గరకు వచ్చాడు. కలం ఆగింది. తన చిన్నప్పుడు తల్లి జబ్బుపడితే మూడు నెలలు అన్నం వండిపెట్టిన మనిషి ఈమె. ఈమెను ఎదుట కూర్చోబెట్టి, దొంగసరుకు పట్టుకున్న పోలీసులా, దేనితో కట్టారు, చూశావా, నిజమేనా అని అడగడానికి అతనికి నోరు రాలేదు. పైగా అతని చేతి మీదుగా వచ్చిన గాజులన్నీ బొంబాయివే. అవన్నీ చుట్టలు చుట్టిన కాగితంలో, అట్టపెట్టెల్లో వచ్చేవి. గాజులంటే కాగితమే కదా అనుకున్నాడు. గడిలో కాగితం అని రాసి సంతకం పెట్టాడు. అడగవలసింది మానేసి, "మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది పిన్నీ?" అని అడిగాడు.

మోకాళ్ళ సంగతి పైడమ్మ వివరంగానే చెప్పింది.

1966 ఏప్రిల్ మొదటివారంలో షెడ్డులో పెట్టెలు తెరిచారు. రోజర్ ఉన్నాడు, పంటల శాఖ ఇన్‌స్పెక్టరు ఉన్నాడు, గోపాలం ఉన్నాడు. పైడమ్మ గాజులు చూసుకోవాలని మురిపెంగా గేటు బయట నిలబడింది. మొదటి పెట్టె మూత లేవగానే గోపాలానికి వాసన తెలిసిపోయింది. చెరకు తోటలో పుట్టిన మనిషికి ఆ వాసన ఒకరు చెప్పనక్కర్లేదు. గాజుల చుట్టల మధ్య, అడుగున, పైన, ఒత్తుగా, ఎండిన చెరకాకు.

"లాపాయ్ కాన్! చెరకాకు!" అన్నాడు రోజర్, రెండడుగులు వెనక్కి వేసి. ఇన్‌స్పెక్టరు మూత దబాలున వేసేశాడు. నాలుగు పెట్టెల చుట్టూ సున్నం గీత గీసి, ఎవరూ దగ్గరకు రావద్దన్నారు. పాపం ఆ మద్రాసు వర్తకుడు, దూరదేశం వెళ్ళే గాజులు పగలకూడదని మంచి మెత్తటి ఆకు ఏరి మరీ కూరి ఉంటాడు. అతనికేం తెలుసు? తెలియవలసింది గోపాలానికి.

ఆకును కాల్చేస్తారు. గాజులను మందునీళ్ళలో కడిగి ఇచ్చేస్తారు. అంతవరకు చిక్కు లేదు. చిక్కల్లా ఆ గడిలో ఉన్న అబద్ధానికి ఎవరు జవాబు చెప్పాలన్నదే. సరుకుదారు అలా చెప్పి రాయించిందంటే ఆమె దిగుమతి అనుమతి రద్దు, మళ్ళీ జన్మలో రాదు. బ్రోకరు తనంతట తాను రాశాడంటే అతని లైసెన్సు తీసేసుకుంటారు. వారం తర్వాత లాద్వాన్ పెద్దదొర దగ్గర విచారణ అన్నారు.

తోటి బ్రోకర్లు గోపాలాన్ని చుట్టుముట్టి ఒకటే మాట చెప్పారు. సరుకుదారు చెప్పింది, నేను రాశాను, అను. అందరం అనేది అదే. ఆ మాటతో ఎందరి లైసెన్సులు నిలబడ్డాయో వాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పారు. గోపాలం విన్నాడు. వినలేదని నేను చెప్పను. ఫీనిక్స్‌లోని ఇంటికి వెళ్ళి, భార్య గౌరీదేవితో కూడా ఆ మాట అన్నాడు. ఆమె బడిలో టీచరు, తక్కువ మాట్లాడే మనిషి.

"పిన్ని అలా చెప్పిందా?" అని అడిగింది గౌరీదేవి.

"లేదు."

"మీరు అడిగారా?"

"లేదు."

ఆ వారమంతా గోపాలానికి అన్నం సహించలేదు. భయం వేసింది, సిగ్గేసింది, మధ్యమధ్య పైడమ్మ మీద కోపం కూడా వచ్చింది. సేట్ల దగ్గర కొనుక్కుని హాయిగా ఉండక ఈ ముసలమ్మకు ఓడసరుకు ఎందుకు అనుకున్నాడు. అనుకున్నందుకు మళ్ళీ తనను తానే తిట్టుకున్నాడు.

విచారణ రోజు పెద్దదొర బల్ల వెనక కూర్చున్నాడు. రోజర్ పక్కన కాగితాలు పట్టుకుని నిలబడ్డాడు. గోపాలం నోరు తెరవబోయేంతలో తలుపు తోసుకుని పైడమ్మ లోపలికి వచ్చింది. ఆమెను ఎవరూ పిలవలేదు. తిన్నగా బల్ల దగ్గరకు నడిచి, దొర మొహంలోకి చూస్తూ ఆ దీవి మాట క్రెయోల్‌లో చెప్పేసింది.

"మో మెమ్ కి తి దిర్ లి పాపియే. కాగితమని నేనే చెప్పాను ఇతనికి. తప్పు నాది."

గోపాలం నిర్ఘాంతపోయాడు. ఆమె అతని వైపు తిరిగి, దొరకు తెలియకుండా తెలుగులో గొణిగింది. "నోరు మూసుకుని ఉండు నాయనా. నీ కాగితం పోతే మనవాళ్ళు ఎవరి దగ్గరకు వెళ్తారు? నాదేముంది, మళ్ళీ గంప ఎత్తుకుంటాను."

రోజర్ ఆమె మాటను ఇంగ్లీషులో చెప్పాడు. దొర తల పంకించి కలం అందుకున్నాడు. గోపాలం చేయవలసింది ఏమీ లేదు. అబద్ధం కూడా అతను ఆడనక్కర్లేదు. ఊరికే నిలబడితే చాలు. పన్నెండేళ్ళ గది, పేరు, తండ్రి కళ్ళకద్దుకున్న కాగితం, అన్నీ ఉంటాయి. ఆమె పేరొక్కటి ఆ దొర కలం కింద కొట్టేసి ఉంటుంది.

"సర్, ఆమె చెప్పేది నిజం కాదు," అన్నాడు గోపాలం.

దొర కనుబొమలు ఎత్తాడు. "ఈమె అబద్ధమాడుతోందని అంటున్నావా?"

ఒక్క చిన్న ప్రశ్న అడగడానికే తాను మొహమాటపడిన పిన్నిని, ఇప్పుడు పరాయి దొర ముందు అబద్ధాలకోరని అనాలి. గోపాలం పైడమ్మ వైపు చూడలేకపోయాడు.

"అవును సర్. అబద్ధమే. నేను ఆమెను అడగలేదు. అడగకుండా నేనే రాశాను."

పైడమ్మ మొహం నల్లబడిపోయింది. చీర చెంగు విదిలించుకుని వెళ్ళిపోయింది. దొర గోపాలం లైసెన్సు రెండేళ్ళకు రద్దుచేశాడు. రోజర్ దాన్ని అతని చేతిలోంచి తీసుకుంటూ, "ముస్యే గోపాల్, ఈ హాల్లో ఇలాంటి పిచ్చివాణ్ణి నేను చూడలేదు," అన్నాడు. అది తిట్టులా మాత్రం లేదు.

గాజులు బయటికొచ్చాయి. గోపాలం గదికి తాళం పడింది. ఫీనిక్స్‌లో యంత్రాలు తెప్పించే ఒక కంపెనీలో రాతపనికి కుదిరాడు. రోజంతా డిక్లరేషన్లు రాసేవాడు, కింద ఇంకొకరు సంతకం పెట్టేవారు. పంతొమ్మిదో ఏట మొదలుపెట్టిన చోటికే యాభై దాటాక తిరిగి వచ్చాడన్నమాట. బాధ లేదని అతనెప్పుడూ అనలేదు. రేవు వైపు వెళ్ళే బస్సు కనిపిస్తే మొహం తిప్పుకునేవాడు.

అంతకంటే పెద్ద బాధ ఇంకొకటి ఉంది. పైడమ్మ అతనితో మాట మానేసింది. ఉగాదికి గుడిలో ఎదురుపడితే పక్కనుంచి వెళ్ళిపోయింది. ఇంట్లో పెళ్ళికి పిలిస్తే గౌరీదేవి చేతికి గాజులిచ్చి గుమ్మంలోనుంచే వెనుదిరిగింది. నలుగురిలో అబద్ధాలకోరని అన్నాను కదా, ఎలా మాట్లాడుతుంది అనుకున్నాడు గోపాలం. ఆమె కోసం అంత పోగొట్టుకుంటే ఆమెకు అర్థం కాలేదని లోలోపల కాస్త జాలి కూడా పడ్డాడు. మన గోపాలానికి ఆ మాత్రం గర్వం ఉండేది.

దాదాపు ఏడాది తర్వాత, ఒక ఆదివారం పొద్దున పైడమ్మ ఫీనిక్స్ ఇంటికి వచ్చింది. గౌరీదేవి ఇచ్చిన మంచినీళ్ళు తాగి, గోపాలాన్ని ఎదుట కూర్చోమంది.

"పిన్నీ, ఆ రోజు దొర ముందు నిన్నలా అన్నందుకు..." అని మొదలుపెట్టాడు గోపాలం.

"ఆయో, దానికేముంది! నేను చెప్పింది అబద్ధమే కదా. అబద్ధాన్ని అబద్ధమంటే నాకు కోపమెందుకు?"

"మరి ఇన్నాళ్ళూ?"

పైడమ్మ మంచినీళ్ళ గ్లాసు పక్కన పెట్టింది.

"నీ బిరో గదికి బొంబాయి సేటు వస్తే అడుగుతావు. చీనావాడొస్తే అడుగుతావు. నన్ను అడగలేదు. ఆ రోజు మద్రాసు ఉత్తరం నా చెంగునే ఉంది, తెలుసా? గాజులు పగలకుండా చెరకాకు పెట్టి కట్టామని అందులో ఉంది. పూజారిగారు చదివి చెప్పారు. నువ్వు అడిగితే చెప్పేదాన్ని కదా! అడగలేదు. మోకాళ్ళ నొప్పి అడిగావు."

"పెద్దదానివి, పిన్నివి కదా అని..."

"పిన్నిని ఇక్కడ, మీ ఇంట్లో. నీ బల్ల ముందు కూర్చున్నప్పుడు నేను వ్యాపారం చేసే మనిషిని. గాజుల్లేని చేతులని వాళ్ళు గుమ్మంలో ఆపారు. నువ్వు కుర్చీ వేసి, టీ ఇచ్చి, గుమ్మంలోనే ఆపావు. వాళ్ళ మీద రాలేదు నాకంత కోపం."

గోపాలానికి తల కొట్టేసినట్టయింది. గౌరవమనుకుని తాను చేసిన పని మరోవైపు నుంచి ఎలా ఉంటుందో ఏడాదిలో ఒక్కసారీ అతనికి తట్టలేదు. ఆమె కోసం ఎంతో వదులుకున్నానని జాలిపడ్డవాడు, తాను ఆమెకివ్వనిదేమిటో అప్పుడు తెలుసుకున్నాడు. కళ్ళనీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు.

"ఇప్పుడేం చెయ్యమంటావు పిన్నీ?"

"నేర్పు," అంది పైడమ్మ. "సరుకుదారు తన సరుకుకు తానే కాగితాలు రాసి ఇవ్వచ్చట కదా. రోజర్‌ని అడిగాను, ఇవ్వచ్చన్నాడు. ఎవరూ రాయరు, భయపడతారు. నాకు రాయడం నేర్పు."

ఏభయ్యెనిమిదేళ్ళ మనిషి, అక్షరం ముక్క రాదు. బ్రోకరు పని ఏమిటంటే, నువ్వు లేకపోతే నాకు గడవదని సరుకుదారు అనుకునేలా చేయడం. ఆ పనే మానుకోమని అడుగుతోంది. గోపాలం సరేనన్నాడు. ప్రతి ఆదివారం ఆమె నువెల్ ఫ్రాన్స్ నుంచి బస్సులో వచ్చేది. అక్షరాలు గౌరీదేవి నేర్పింది, గడులు గోపాలం నేర్పాడు. మొదట్లో పలక మీద రాసిందానికి అక్షరం ఏదో, గీత ఏదో తెలిసేది కాదు. విసుగొచ్చి పలక విసిరేసిన ఆదివారాలున్నాయి. గోపాలం ముస్యే జీన్‌లాగే కోప్పడ్డాడు, తప్పు రాస్తే కాగితం చింపేశాడు. పిన్ని కదా అని ఒక్కటీ వదలలేదు. చింపిన ప్రతిసారీ పైడమ్మ పళ్ళు కొరుక్కుని ఇంకో కాగితం తీసుకునేది. ఆమె మొహం మాత్రం వికసించి ఉండేది.

1967 నవంబరు వచ్చింది. దీవికి స్వాతంత్ర్యం వస్తుందని తేలిపోయింది. సగం ఊరు సంబరంలో ఉంటే, మిగతా సగం ఏమవుతుందో అని గుబులుగా ఉంది. లాద్వాన్‌లో దొరలు సామాన్లు సర్దుకుంటున్నారు. రోజర్ కౌంటరుకు పెద్ద అధికారి అయ్యాడు. ఆ రోజుల్లోనే పైడమ్మ రెండో సరుకు ఓడ దిగింది, ఈసారి ఆరు పెట్టెలు.

గోపాలం కంపెనీకి సెలవు పెట్టి ఆమె వెంట వెళ్ళాడు. లాద్వాన్ హాలు మధ్యలో నడుమెత్తున చెక్క కంచె ఉండేది. లైసెన్సున్న బ్రోకర్లూ సరుకుదార్లూ లోపలికి వెళ్ళవచ్చు. మిగతావాళ్ళు ఇవతలే. పన్నెండేళ్ళు ఆ కంచె తలుపు తోసుకుని దొరబాబులా తిరిగిన గోపాలం, గొడుగు పట్టుకుని ఇవతల నిలబడిపోయాడు. పైడమ్మ ఒక్కతే లోపలికి వెళ్ళింది. తెల్లచీరలో ముసలమ్మ కాగితాలు పట్టుకుని కౌంటరు వరసలో నిలబడితే బ్రోకర్లు వింతగా చూశారు. అందులో ఒకడు దగ్గరికొచ్చి, "ఇటివ్వు మామ్, నేను చూస్తాను," అని చెయ్యి చాచాడు. ఆమె కాగితాలను రెండు చేతులా గుండెకు హత్తుకుంది.

ఆమె వంతు వచ్చింది. రోజర్ నాలుగు ప్రతులూ తిప్పి చూశాడు. వంకరటింకర రాత, గోపాలానిది కాదు. తలెత్తి కంచె ఇవతల నిలబడ్డ గోపాలాన్ని ఒకసారి చూశాడు. తర్వాత, ప్రతివాళ్ళనూ అడిగే అలవాటు చొప్పున అడిగాడు.

"కిసన్లా ఊ కుర్తియే, మామ్? మీ బ్రోకరు ఎవరు?"

ఆమె వెనక్కి తిరిగి తనను చూపిస్తుందేమోనని గోపాలానికి ఆశ పుట్టింది. ఇంత నేర్పినందుకు ఈ హాల్లో, ఈ బ్రోకర్లందరి ముందు, తన పేరొక్కసారి వినబడితే ఎంత బావుండునని ప్రాణం కొట్టుకుంది. అలా అనుకున్నందుకు సిగ్గేసింది కూడా. అయినా ఆశ పోలేదు.

పైడమ్మ వెనక్కి తిరగలేదు.

"పెర్సోన్," అంది, హాలంతా వినబడేలా. "ఎవరూ లేరు. దిమాన్ మ్వా. నన్నే అడుగు."

రోజర్ కుర్చీ ముందుకు జరుపుకుని, మొదటి గడి మీద వేలు పెట్టి, ఆమెనే అడగడం మొదలుపెట్టాడు. గోపాలం కంచె ఇవతల నిలబడి, ఒక్క జవాబూ అందివ్వకుండా, చివరిదాకా విన్నాడు.